ధ్యానము – నిత్యజీవనము
(గండికోట మాధవరాయని ఆలయము నేర్పు పాఠము)

దేవాలయమునకు వెళ్ళు ప్రతి భక్తుడును స్వామిని కన్నులార దర్శింపవలెనని కోరును. గంటల తరబడి వరుసలో నిలిచి, రెప్పపాటు కాలము దర్శనము లభించినను ధన్యుడనైతినని తలచును. ఆ ధన్యత సత్యమైనదే. అయితే సన్నిధినుండి వెలుపలికి వచ్చి, ప్రసాదము స్వీకరించి, ఇల్లు చేరిన పిదప ఆ దివ్యమంగళమూర్తి మనస్సులో ఎంతసేపు నిలిచియున్నది? ఈ ప్రశ్నను తనకు తాను వేసికొనువారు కొందరే. దర్శనము కన్నులకు కలుగునది. దర్శించినదానిని మనస్సు విడువకుండుటయే ధ్యానము. మొదటిదానికి ప్రయాణము చేయవలెను, రెండవదానిని ఇంటనే అభ్యసింపవలెను.

ధ్యానమనగానే అది అడవులలో తపస్సు చేయు మునులకే తగినదనియు, సంసారభారము మోయు గృహస్థులకు అది అందనిదనియు తలచుట కలదు. పూర్వాచార్యుల బోధ ఇట్లు లేదు. గృహస్థుని దినచర్యలోనే ధ్యానమునకు వారు చోటు కల్పించినారు. ఆ బోధయొక్క విలువ రాయలసీమలోని గండికోటయందు మిక్కిలి స్పష్టముగా తెలియును.

గండికోట – ఆలయములు

కడప జిల్లా జమ్మలమడుగునకు పడమటగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున గండికోట కలదు. కన్నడదేశమున నందికొండల ప్రాంతమున పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు సీమలో సముద్రమును చేరు పెన్నానది ఇచట ఎర్రమల కొండలను కోసికొని లోతైన లోయగుండా సాగుచున్నది. నది కోసిన ఆ గండి వలననే కోటకు ఈ పేరు వచ్చినది. ఏడాదిలో అధికభాగము సన్నగిల్లియుండు ఈ నదియే ఎర్రని రాతిపొరలను అంత లోతునకు కోసినది. అది ఏ ఒక్క వరదతోనో జరిగిన పని కాదు.

కాకరాజు అను సామంతుడు 1123లో ఇచట మొదట కోట కట్టించెనని గండికోట కైఫీయతు చెప్పుచున్నది. విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసాని నాయకులు ఈ దుర్గమును ఏలినారు. కోటలోపల ధాన్యాగారము, కోనేరు, జామా మసీదు, మాధవరాయస్వామి ఆలయము, రంగనాథస్వామి ఆలయము నేటికిని నిలిచియున్నవి. కోటలోపలనే ఊరును కలదు.

మాధవరాయని ఆలయమును చేరిన యాత్రికునకు ఎత్తైన గోపురము, విశాలమైన ప్రాకారము, చెక్కడపు స్తంభములు గల మండపములు కనబడును. కాని గర్భాలయము ఎదుట నిలిచి చూచినపుడు అచట మూలమూర్తి కానరాదు. దీపము లేదు, తులసి లేదు, తీర్థము ఇచ్చు అర్చకుడు లేడు. రంగనాథాలయపు స్థితియు ఇంతే. వచ్చినవారిలో అనేకులు లోయయొక్క అందమును చూచి, మండపములలో కొంతసేపు తిరిగి, “స్వామి లేడు గదా” యని మరలిపోవుదురు. ఆ మాట సహజమైనదే. అయినను భక్తునకు అచటనే ఒక పరీక్ష కలదు.

కరగని మూర్తులు

1652వ సంవత్సరమున టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు గండికోటకు వచ్చెను. గోల్కొండ సుల్తానుయొక్క సేనాని మీర్ జుమ్లా అంతకు కొద్దికాలము ముందే కోటను వశపరచుకొని అచట విడిసియుండెను. ఆ వర్తకుడు తన యాత్రాగ్రంథమున ఒక వృత్తాంతము వ్రాసినాడు. ఫిరంగులు పోతపోయించుటకై ఆలయములనుండి రాగి విగ్రహములు తెప్పింపబడినవట. ఆ పనిని ఒక ఫ్రెంచి ఫిరంగికాని కొప్పగించిరి. ఇతర స్థలములనుండి వచ్చిన విగ్రహములు కరగినవి గాని, గండికోటలోని ప్రసిద్ధాలయమునకు చెందిన ఆరు పెద్ద మూర్తులు మాత్రము ఎంత ప్రయత్నించినను కరగలేదట. అర్చకులు ఏదో మంత్రప్రయోగము చేసియుందురని వారిని బెదిరించినను ఫలము లేకపోయెను.

వ్రాసినవాడు పరదేశి, పరమతస్థుడు. స్వామి మహిమను కీర్తింపవలెనను తలంపుతో వ్రాసినవాడు కాడు. భక్తులు ఈ వృత్తాంతమున భగవత్సంకల్పమును చూతురు. అయినను దీని వెనుక అంతకంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి కలదు. తరతరములుగా దర్శించిన మూర్తి సన్నిధిలో లేని దినము వచ్చినపుడు భక్తునకు మిగులునదేమి? రాజ్యములు మారినపుడు, కరవు వచ్చి ఊరు విడువవలసినపుడు, వ్యాధిచే మంచము పట్టినపుడు, కన్నులు కానరాని వార్ధక్యమున ఈ ప్రశ్న ప్రతివారికిని ఏదో ఒక రూపమున ఎదురగును. అప్పుడు వెదకుకొనుటకంటె ముందే సమాధానమును సిద్ధపరచుకొనుట వివేకము.

ధ్యానమనగా నేమి?

భగవద్రామానుజులు శ్రీభాష్యమునందు మొదటి సూత్రమును వ్యాఖ్యానించుచు ఈ విషయమును విపులముగా చర్చించినారు. ఉపనిషత్తులు మోక్షసాధనముగా చెప్పు జ్ఞానము కేవలము వాక్యార్థము తెలిసికొనుట మాత్రము కాదనియు, అది ధ్యానరూపమైనదనియు వారు నిర్ణయించిరి. ధ్యానమనగా తైలధారవలె తెగని స్మరణము. దీనికే ధ్రువానుస్మృతి యని పేరు. నీటిని పోసినచో చినుకులుగా చెదరును. నూనె పోసినచో సన్నని ధారగా, నడుమ తెగక జారును. స్వామినిగూర్చిన తలంపు అట్లు జారవలెను.

రాయలసీమ రైతునకు ఈ ధారను అర్థము చేయుటకు నూనె కూడ అక్కరలేదు. ట్రాక్టర్లు వచ్చుటకు ముందు గొర్రుతో విత్తనము వేయునపుడు, గొర్రు వెంట నడచుచు జడ్డిగములో గింజలు విడుచు స్త్రీని తలచుకొన్న చాలును. ఆమె పిడికిలినుండి గింజలు ఒక్క తీరుగా జారుచుండవలెను. చేయి ఆగెనా, సాలులో అంతమేర మొలక లేదు. చేయి తొందరపడెనా, ఒకేచోట గుంపుగా మొలచును. ఎడ్లు నడచుచుండగా, ఎండ కాయుచుండగా, పక్కవారు మాటలాడుచుండగా ఆమె గమనము పిడికిలియందే యుండును. ఆమె ఆ పనిని విడిచి ధ్యానమునకు పోలేదు. ఆ పనిలోనే ఏకాగ్రతను నేర్చినది. ఆ నేర్పునకు స్వామి చరణములను విషయముగా చేసికొన్నచో అదియే ధ్రువానుస్మృతికి దారి.

రామానుజులు ఇంకొక రహస్యమును తెలిపినారు. ఈ స్మరణము పరిపక్వమైనపుడు దర్శనముతో సమానమగును. ఎదుట నిలిచినవానిని చూచుచున్నంత స్పష్టముగా స్వామి భాసించును. అంతియేకాక, ఆ స్మరణము ప్రీతితో కూడినదై, స్మరించుటయే సుఖముగా తోచును. అట్టి స్మరణమునకే భక్తి యని పేరు. ప్రేమలేని ఏకాగ్రత గురి చూచి బాణము వేయువానికిని కలదు. వైష్ణవుని ధ్యానమునకు ప్రాణము ప్రేమ.

శూన్యమైన గర్భాలయము ఎదుట నిలిచిన భక్తుని ప్రశ్నకు ఇదియే ఆచార్యుల సమాధానము. స్మరణము పండినవానికి దర్శనము తప్పిపోదు.

అర్చామూర్తి – ధ్యానము

ఇట్లనుటవలన అర్చామూర్తి అక్కరలేదని ఎవ్వరును తలపరాదు. పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అను అయిదు రూపములలో అర్చారూపమే అందరికిని సులభము. వైకుంఠము దూరము. అవతారములు గడచినవి. అంతర్యామి హృదయమందే యున్నను చంచలమైన మనస్సునకు చిక్కడు. అర్చావతారుడు మాత్రము కన్నులకు కనబడి, భక్తుడు పెట్టినదానిని ఆరగించును. కనుకనే ఆలయమునకు పోవలెను.

విష్ణుపురాణమునందు కేశిధ్వజుడు ఖాండిక్యునకు యోగమును బోధించుచు, ధ్యానించువాని మనస్సు నిలుచుటకు శుభాశ్రయము కావలెనని చెప్పును. పట్టుకొనుటకు వీలైనదియు, పట్టుకొన్నవానిని పవిత్రుని చేయునదియు నగు ఆలంబనమే శుభాశ్రయము. అది శ్రీహరియొక్క దివ్యమంగళవిగ్రహమే. భాగవతము తృతీయస్కంధమున కపిలమహర్షి తల్లియైన దేవహూతికి ధ్యానక్రమమును తెలుపుచు, ముందుగా స్వామి పాదములయందు మనస్సు నిలిపి, క్రమముగా పైకి సాగి, ముఖమును, మందహాసమును చేరవలెనని ఉపదేశించెను.

దీనినిబట్టి దర్శనము ఎట్లు చేయవలెనో తెలియుచున్నది. సన్నిధి చేరిన క్షణమున కొందరు కన్నులు మూసికొందురు. కొందరు కోరికల జాబితా చదువుదురు. మరికొందరు ఆభరణములను లెక్కించుచుండగనే కాలము గడచిపోవును. అట్లుగాక, దొరకిన కొద్ది క్షణములలో మొదట పాదములను, పిదప శంఖచక్రములను, చివరకు ముఖమును శ్రద్ధతో చూచి మనస్సులో ముద్రించుకొనవలెను. కాలము చాలకున్నచో పాదములు చాలును. ఇంటికి తెచ్చుకొనదగిన ప్రసాదములలో ఇది మొదటిది.

స్థలము – కాలము

ధ్యానము ఎచట చేయవలెనను ప్రశ్నను బ్రహ్మసూత్రముల నాల్గవ అధ్యాయము మొదటి పాదమున వ్యాసులు విచారించినారు. ఉపాసన ఒక్కమారు చేసి విడువదగినది కాదు, మరల మరల చేయవలెను. కూర్చుండి చేయవలెను, ఏలయన నిలిచినపుడు ప్రయత్నము, పండుకొన్నపుడు నిద్ర విఘ్నములగును. మనస్సు ఎచట ఏకాగ్రమగునో అదియే తగిన స్థలము. దీనిని జీవితాంతము కొనసాగింపవలెను. ఇది అచటి సూత్రముల సారాంశము.

మనస్సు నిలుచు చోటే తగిన స్థలమనుట గృహస్థునకు గొప్ప ఆశ్వాసము. కడప బండలు పరచిన నడవలో ఒక మూల చాలును. పావుగంట కాలము చాలును. ప్రతిదినము అదే చోట, అదే వేళ, నడుము నిటారుగా నిలిపి కూర్చుండవలెను. ఊపిరిని బలవంతముగా బిగింపక సహజముగా సాగనీయవలెను. స్వామి పాదములను తలచి, నామమును మెల్లగా మనస్సులో పలుకవలెను. మనస్సు పారిపోవును. పారిపోయినదని తెలిసిన వెంటనే దానిని మరల తీసికొనివచ్చి అచటనే నిలుపవలెను. ఎన్నిమార్లు పారిపోయిన నన్నిమార్లు మరలింపవలెనని గీతయందు ఆరవ అధ్యాయమున భగవానుడే ఆదేశించినాడు. కనుక మనస్సు చెదరుట అపజయము కాదు. చెదరినదని గుర్తించి మరలించుటయే అభ్యాసము. పొలమున బడిన లేగను రైతు కొట్టక తోలి తెచ్చినట్లు, కోపము లేకుండ దానిని తేవలెను.

పంచకాలములు

ఆ పావుగంట తరువాత మిగిలిన దినమంతయు ఏమి కావలెను? దీనికి పాంచరాత్రశాస్త్రము దినమును అయిదు భాగములుగా విభజించి సమాధానము చెప్పినది. అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అనునవి పంచకాలములు. వేదాంతదేశికులు తమ పాంచరాత్రరక్షయందు వీనిని వివరించినారు.

ప్రాతఃకాలమున మేల్కాంచి, హరినామము స్మరించి, స్నానముచేసి స్వామిని సమీపించుట అభిగమనము. ఆరాధనమునకు కావలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. గృహస్థుని న్యాయార్జనము సైతము ఈ భాగమునకే చెందును. పొలము దున్నుట, అంగడి నడపుట, కార్యాలయమునకు పోవుట స్వామి ఆరాధనకొరకను భావముతో చేసినచో అవియు కైంకర్యమే. తూకమున మోసము చేయువాడు ధ్యానమునకు కూర్చున్నచో మనస్సునకు కనబడునది త్రాసే. మధ్యాహ్నమున ఆరాధించి, నివేదించి, అతిథికి పెట్టి భుజించుట ఇజ్య. పిదప సద్గ్రంథపఠనము స్వాధ్యాయము. రాత్రి స్వామి పాదములయందు మనస్సు నిలిపి, ఆ తలంపుతోనే నిద్రించుట యోగము.

ఈ క్రమమున ధ్యానము దినమునకు చివరి భాగమైనను, తక్కిన నాలుగును దానికి సిద్ధపరచునవే. పగలంతయు మనస్సును విడిచిపెట్టి రాత్రి ఒక్కమారుగా కట్టివేయుట సాధ్యము కాదు.

పనుల నడుమ

పనులు అనేకములైనపుడు స్మరణమునకు అవకాశమెక్కడిదని కొందరు ప్రశ్నింతురు. పైన చెప్పిన వర్తకుడు గండికోటలో తాను చూచిన మరియొక దృశ్యమును వర్ణించినాడు. మీర్ జుమ్లా తన గుడారమున కూర్చుండి రాజకార్యములు చూచునపుడు కాలివ్రేళ్ళ సందులలోను, ఎడమచేతి వ్రేళ్ళ సందులలోను ఉత్తరములు ఇరికించుకొనియుండెనట. కాలినుండి ఒకటి, చేతినుండి ఒకటి తీయుచు, ఇద్దరు లేఖకులచే సమాధానములు వ్రాయించుచు, కొన్నింటిని తానే వ్రాయుచుండెను. రాజ్యభారము మోయుటకు అంతటి గమనము అవసరమైనది. నేటి గృహస్థుని స్థితియు ఇంచుమించు అట్టిదే. చేతిలోని ఫోను ఒక్కటియే అన్ని ఉత్తరములును తెచ్చుచున్నది.

లౌకికకార్యమున ఇంత గమనము చూపగల మానవునకు స్మరణశక్తి లేదనుట తగదు. శక్తి కలదు, దానిని స్వామివైపు మరల్చు అలవాటు లేదు. సర్వకాలములయందును తనను స్మరించుచునే యుద్ధము చేయుమని పార్థునకు చెప్పిన స్వామి, పని మానుకొమ్మని చెప్పలేదు. ఒక పని ముగిసి మరియొకటి మొదలగు సందున ఒక్క నామము పలుకుట అందరికిని సాధ్యమే. వాకిట కల్లాపి చల్లునపుడు, బిందె నెత్తునపుడు, తలుపు తీయునపుడు, భోజనమునకు కూర్చుండునపుడు ఒక్క క్షణము ఆగి స్వామిని తలచుట అలవడినచో, ఆ చినుకులే క్రమముగా ధారయగును. సంగటి కెలుకు ఇల్లాలు తెడ్డుమీద దృష్టి తప్పనీయదు, తప్పినచో ఉండలు కట్టును. ఆ శ్రద్ధతోనే నివేదనకు వండినచో పొయ్యి దగ్గరనే ఆమెకు ధ్యానము లభించును.

సాధనసప్తకము

ధ్రువానుస్మృతి కలుగుటకు ఏడు సాధనములను పూర్వాచార్యుల వాక్యము ననుసరించి రామానుజులు పేర్కొనినారు. వివేకము శుద్ధమైన ఆహారము స్వీకరించుట. విమోకము కోరికలకు చిక్కకుండుట. అభ్యాసము మరల మరల తలచుట. క్రియ పంచమహాయజ్ఞాదులను శక్తికొలది చేయుట. కల్యాణము సత్యము, ఋజుత్వము, దయ, దానము, అహింస మొదలగు గుణములు కలిగియుండుట. చివరి రెండును అనవసాదము, అనుద్ధర్షము. ఈ రెంటిని రాయలసీమ ప్రజలు ప్రత్యేకముగా తలపోయదగియున్నది.

అనవసాదమనగా కష్టములచే మనస్సు క్రుంగకుండుట. వాన రాక, వేసిన విత్తనము మట్టిలోనే మాడిన ఏడు ఈ సీమకు క్రొత్త కాదు. అట్టి యేట దీపము పెట్టుటకును మనసొప్పదు. స్వామి తమను మరచినాడని తోచును. ఆ దుఃఖము నిజమైనది, దానిని తేలికగా చూడరాదు. ఇరుగుపొరుగువారు ఆదుకొనవలెను. అయితే క్రుంగిన మనస్సు ఏ పనికిని చాలదనియు, జరిగినదానినే తలచి తలచి దానికి స్మరణశక్తి నశించుననియు ఆచార్యుల హెచ్చరిక. అప్పుడు దీర్ఘధ్యానము అక్కరలేదు. సాయంకాలమున దీపము వెలిగించి ఒక్క నామము పలికినను అభ్యాసము తెగలేదు.

అనుద్ధర్షమనగా సంతోషమున మితిమీరకుండుట. మంచి వాన కురిసి శనగ పండి ధర పలికిన యేట మొక్కులు తీరును, ఉత్సవములు ఘనముగా జరుగును. స్మరణము మాత్రము సందడిలో జారిపోవును. కరవున స్వామిని నిందించుట, కలిమియందు మరచుట రెండును ధారను తెంచునవే.

తాళ్ళపాక నిదర్శనము

ఈ అభ్యాసమునకు గొప్ప నిదర్శనము ఈ పెన్న పరీవాహకమునందే, రాజంపేట సమీపమున గల తాళ్ళపాకలో 1408లో జన్మించినది. అన్నమాచార్యులు తమ పదునారవ యేట, 1424లో స్వామి సాక్షాత్కారము పొంది, నాటినుండి 1503లో పరమపదించువరకు స్వామికి సంకీర్తనలు సమర్పించిరని తాళ్ళపాక రాగిరేకులు తెలుపుచున్నవి. సంకీర్తనల సంఖ్య 32,000 అని ప్రసిద్ధి. ఆ 79 సంవత్సరముల దినములు సుమారు 28,800. అనగా దినమునకు ఒకటికి తక్కువ కాదు. జ్వరము వచ్చిన దినము, ప్రయాణము చేసిన దినము, ఆప్తులను కోల్పోయిన దినము వీనిలో లేకుండునా? ఆయన గృహస్థుడు, బిడ్డలు గలవాడు. అహోబలమున శఠకోపయతియొద్ద వేదాంతము నభ్యసించినవాడు. ఆయన ప్రతిభ అందరికిని రాదు. కాని ప్రతిదినము స్వామికి ఏదో ఒకటి సమర్పింపవలెనను నియమము ఎవ్వరైనను పాటింపవచ్చును.

మాధవనామము

గండికోట స్వామి నామము మాధవుడు. కేశవాది ద్వాదశనామములలో ఇది మూడవది. ఆచమనమున కేశవ, నారాయణ, మాధవ యని ప్రతిదినము పలుకుట కలదు. ద్వాదశోర్ధ్వపుండ్రములు ధరించువారు లలాటమున కేశవుని, ఉదరమున నారాయణుని, వక్షఃస్థలమున మాధవుని ధ్యానింతురు. ధరించుట మాత్రమే గాక ధ్యానింపవలెననియే విధి. తొందరలో చేయి తన పని తాను చేసికొనిపోవును గాని, మనస్సు దానివెంట పోదు. మూడవ పుండ్రమును తీర్చునపుడు ఒక్క ఊపిరి కాలము ఆగినచో, మాధవుని స్థానము తన హృదయమేయని సాధకునకు ప్రతి ఉదయమును జ్ఞప్తికి వచ్చును. పుండ్రధారణాచారము లేని ఇండ్లవారు ఆ నామమును పలికి హృదయమును తలచినను చాలును.

గండికోటకు పోవు యాత్రికుడు ఆ ఆలయమును కేవలము శిథిలముగా చూడనక్కరలేదు. పాదరక్షలు విడిచి, మాటలు మాని, గర్భాలయము ఎదుట కొంతసేపు కూర్చుండవచ్చును. తాను ఇంతకుముందు ఏ క్షేత్రమున స్వామిని దర్శించెనో ఆ మూర్తి పాదములను అచట తలచుకొనవచ్చును. అవి స్పష్టముగా తోచినచో తన అభ్యాసము సాగుచున్నదని గ్రహింపవలెను. తోచకున్నచో క్రుంగవలదు. రాబోవు దర్శనమున శ్రద్ధతో చూచి, రేపటి ఉదయమునుండి పావుగంట కాలము కేటాయింపవలెను. అట్లు అభ్యసించినవారికి తిరుమలయందు లభించిన క్షణకాలదర్శనము ఇంట దినమంతయు నిలుచును. మాధవరాయడు భక్తులందరి హృదయములందు సుస్థిరుడై, వారి నిత్యకర్మలను తన ఆరాధనముగా స్వీకరించుగాక!